విరిగిన ఊదారంగు పోర్టు

కంప్యూటర్ వెనక కీబోర్డు గుచ్చే గుండ్రటి ఊదారంగు పోర్టు గుర్తుందా మీకు? కంచరపాలెంలో అమ్మ డీటీపీ షాపులో అది విరిగిపోయింది. అయినా అమ్మ పని ఆపలేదు. పాత ఫైళ్ళలోంచి ఒక్కో అక్షరం మౌస్‌తో కాపీ చేసి కొత్త కార్డులు కూర్చేది. ఆ ఫైళ్ళన్నీ చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం జరిపే ప్రార్థన కూడికల కార్డులే.

నా పుట్టినరోజు కార్డూ అలాగే చేసి, అక్షరాలకి గులాబీ రంగు వేసింది.

"సచ్చిపోయినోళ్ళ పేర్లలోంచి నా పేరు తీత్తన్నావేటమ్మా?" అని ఏడ్చాను.

"అచ్చరాలకి సావుంటాదేటే?" అని నవ్వింది.

అమ్మ పోయి ఇవాళ్టికి మూడు రోజులు. కూడిక కార్డు చేద్దామని ఆ కంప్యూటర్ ఆన్ చేశాను. అమ్మ పేరుతో కార్డు అప్పటికే తయారుగా ఉంది. తారీఖు ఒక్కటే ఖాళీ.

పేరులో అక్షరాలన్నీ నా కార్డులోని గులాబీ రంగువి.