నాయన తినని బెల్లం

మొన్న ఇంట్లో బండలు పరిపిద్దామని ఖమ్మం పోతే, కోత మిషను దగ్గర తడిసిన రాతి వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. బ్లేడు మీద సన్నటి పైపులోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి, కింద తెల్లటి బురద కారుతోంది, మిషను నడిపే మనిషి ఒళ్ళంతా తడుపుకుని, మొహం మాత్రం తేటగా, ఫోన్లో పాట పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. ధర అడగడానికి పోయినదాన్ని, అడగడం మరిచి అక్కడే నిలబడిపోయాను. మా నాయన కాలంలో రాయికి ఈ వాసన ఉండేది కాదు, అప్పుడు రాయిని పొడిగానే కోసేవాళ్ళు.

మాది జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే దగ్గర చిన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ఎండలు ముదరకముందే ఇప్పపూలు రాలిన తీపి వాసన తెల్లారేసరికి ఇళ్ళ మధ్యకు వచ్చేది, తునికాకు కోతకు పోయిన ఆడవాళ్ళు కొంగుల్లో తునికిపండ్లు, మొర్రిపండ్లు మూటగట్టుకొచ్చి కనబడిన పిల్లలకల్లా పంచేవాళ్ళు. ఊరి చివర రోడ్డు పక్కన రాయి కోసే షెడ్డు, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా దాని కూతే కూత. ఆ కూత ఆగిందంటే నాయన వస్తున్నట్టు. నేనూ తమ్ముడూ ఆట ఎక్కడిదక్కడ వదిలేసి ఉరికేవాళ్ళం.

వచ్చేది మనిషా, పిండిబొమ్మా అన్నట్టుండేవాడు. కనుబొమ్మలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు, అన్నీ తెలుపే. వాకిట్లో కూర్చోబెట్టి ఆయన వీపు మీద వేలితో మేము అఆలు రాసేవాళ్ళం, ఆయన నవ్వితే అక్షరాలు కదిలేవి. అమ్మ ఆయన అంగీ దులిపి, రాలిన పొడిని చాటలోకి ఎత్తి ముగ్గుపిండిలో కలిపేది. అంత తెల్లటి ముగ్గు ఊళ్ళో ఇంకెవరి వాకిట్లోనూ ఉండదని ఆమెకు తగని గర్వం, ఎవరైనా అడిగితే దోసెడు పెట్టి పంపేది కూడా. ఆ పొడి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు!

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. సాయంత్రం పని దిగేటప్పుడు తలా ఒక బెల్లంగడ్డ చేతిలో పెట్టేవాళ్ళు, అది తింటే రొమ్ములో చేరిన దుమ్మంతా కిందికి దిగిపోతుందని నమ్మకం. అందరూ అక్కడే నోట్లో వేసుకుని చెంబెడు నీళ్ళు తాగి వచ్చేవాళ్ళు. నాయన మాత్రం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని మాకు తెచ్చేవాడు. ఆయన చెమటకు కాస్త ఉప్పగా, పళ్ళ కింద కాస్త కరకరలాడే ఆ బెల్లం రుచి మళ్ళీ ఎక్కడా దొరకలేదు నాకు. కొంత దాచి సద్దుల బతుకమ్మ నాడు అమ్మ రొట్టెలు నలిపి ఆ బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది.

"నువ్వు తినొచ్చు గద, నీ రొమ్ముకు మంచిదంట" అని గొణిగేది అమ్మ.

"పిల్లల మొకాలు సూడు, నాకు గదే సాలు" అనేవాడు.

తర్వాత దగ్గు మొదలైంది. మొదట్లో పొద్దున పూటే, ఆ తర్వాత పూటతో పని లేకుండా. మమ్మల్నిద్దరినీ చెరో చంకన ఎత్తుకునే మనిషి, వాకిలి దాటాలంటే గోడ పట్టుకునేదాకా వచ్చాడు. ఒక వానాకాలం, మేము హైస్కూలుకైనా రాకముందే, పోయాడు.

ఆయన మిషను మీదికే చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పనికి పోయాడు. అప్పటికే బ్లేడు మీద నీళ్ళు పడే పైపు బిగించారు గానీ, అదేదో బ్లేడు వేడెక్కకుండా ఉండటానికని అందరూ అనుకున్నారు. అమ్మ దృష్టంతా బెల్లం మీదే. "నీ బెల్లం నువ్వే తినాలె మరిదీ, ఇంటికి తెచ్చినవంటే నా మీద ఒట్టే" అంది. చిన్నాయన మాట తప్పలేదు. ఇప్పటికీ రాయిలా ఉన్నాడు, సైకిలు మీద ఊరంతా తిరుగుతాడు. మా ఇంట్లో మాత్రం ఆ తర్వాత మలీద చేయలేదు. అమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాయన ఊపిరి మేమే తినేశామని, ఒకరికొకరం చెప్పుకోకుండానే నేనూ తమ్ముడూ పెరిగాం.

పోయినేడు చిన్నాయనను జ్వరమొస్తే దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు ఏం పని చేశావని అడిగి ఊరుకోలేదు, ఏ కాలంలో చేశావు, నీళ్ళు పెట్టకముందా, పెట్టాకనా అని అడిగాడు. నాయనకొచ్చినట్టు దగ్గి పోయే జబ్బు పొడిగా కోసిన రోజుల్లో పనిచేసినవాళ్ళకే ఎక్కువట, నీళ్ళు వచ్చాక దుమ్ము బురదై కిందికి దిగిందట. నేను బెల్లం సంగతి అడిగాను. "బెల్లం కడుపులోకి పోతుందమ్మా, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి" అన్నాడు. నాయనతో పనిచేసి, రోజూ బెల్లం తిన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే దగ్గి దగ్గి పోయారు కదా, ఆ సంగతి మాలో ఒక్కరికైనా ఎందుకు తట్టలేదో!

అమ్మకు అప్పుడు చెప్పలేకపోయాను. మొన్న ఖమ్మం నుంచి వచ్చాక చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపింది.

"అంటే, తిన్నా ఆయన దక్కకపోతుండెనా?"

"తిన్నా దక్కకపోతుండె అమ్మా."

"మీ మీద కోపముండె బిడ్డా" అంది చాట పక్కన పెట్టి. "పసిపిల్లల మీద. ఎవ్వలికని సెప్పుకోను?"

ఆ షెడ్డు పడగొట్టారు. వీపు మీద అఆలు రాయించుకునే మనిషి లేడు, ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆయన గొంతు కూడా సరిగా వినబడటం లేదు, దానికే నాకు ఏడుపొస్తుంది. అమ్మ తమ్ముడికి ఫోన్ కలపమంది. వాడు ఎత్తగానే, ఎట్లున్నవని కూడా అడగకుండా, "నువ్వేం చేయలేదు బిడ్డా" అంది.