డ్రమ్ము దక్కని క్రిస్మస్

మా ఆవిడ షారోన్ భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. రోగులకు ఆమె అంటే భయం, నాకు భక్తి. ఇంటర్ చదివేటప్పుడు ఆమెకు పట్టిన పిచ్చి గురించి చెప్పే అర్హత నాకే ఉంది, ఎందుకంటే అప్పుడు చర్చిలో గిటారు నాది. మరీ ఊహించుకోకండి, నాకు వచ్చింది అరకొరే.

ఫోన్లలో డేటా కొత్తగా చవకైన రోజులవి. మా గని క్వార్టర్లలో అందరూ సినిమాలు చూస్తుంటే, షారోన్‌కు ఎక్కడినుంచో ఒక విదేశీ బ్యాండ్ దొరికింది. ఖాళీ గదిలో ముగ్గురు. ఒకడు లావు తీగల గిటారు మీద ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తాడు. ఇంకొకడు అవసరానికి మించి డ్రమ్మును ముట్టడు. అమ్మాయి పాడదు, కిరాణా కొట్టులో సరుకులు అడిగినట్టు మాట్లాడుతుంది. దీన్ని పోస్ట్-పంక్ అంటారట. వాళ్ళ పేరు మా నోరు తిరగక, ‘ఖాళీ గదోళ్ళు’ అనేవాళ్ళం.

“గిదేం పాటనే? నడుమ నడుమ కరెంటు పోతున్నట్టున్నది” అన్నాను.

“నడుమ ఖాళీ ఉన్నది సూడు, గా ఖాళీలనే ఉన్నది పాటంత” అంది షారోన్.

నాకేమీ వినపడలేదు. కానీ ఆమె మొహం వెలిగిపోతుంటే కాదనలేక తలూపాను.

అప్పటినుంచి ఆమెకు చర్చి డ్రమ్ము కావాలి. అదేమో సంఘపెద్ద కొడుకు రాజ్‌కుమార్ చేతిలో ఉండేది. వాడు వాయిస్తే యేసుప్రభువు పుట్టాడో, ఎన్నికల్లో ఎవరైనా గెలిచారో తెలిసేది కాదు. ఆడపిల్లల చేతికి కంజీర దాటి ఏదీ వచ్చేది కాదు. షారోన్ వెంటపడి వెంటపడి పాస్టరయ్య ప్రాణం తీసింది.

“సరే బిడ్డా, క్యారల్స్‌ల నువ్వే కొట్టు. మంచిగైతే క్రిస్మస్ నాడు గూడ నీదే” అన్నాడాయన.

క్యారల్స్ అంటే పండుగ ముందు సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి పాడటం. ఇంటికో పాట, పాట కాగానే పాస్టరయ్య ప్రార్థన, తర్వాత చాయ్. మొదటి ఇల్లు ఎల్లక్కది. మొదటి చరణం కాగానే షారోన్ ఒక్క దెబ్బ కొట్టి, ఖాళీ గదోళ్ళలాగా ఆగింది. పాట అయిపోయిందనుకుని పాస్టరయ్య కళ్ళు మూసుకుని, “ప్రేమగల పరలోకపు తండ్రీ” అని అందుకున్నాడు. ప్రార్థన మధ్యలో ఎవడు అడ్డుపడతాడు? అందరం తలలు వంచుకున్నాం. ఆమెన్ కాగానే షారోన్ రెండో చరణం మొదలుపెట్టి, మళ్ళీ ఆగింది. మళ్ళీ ప్రార్థన. అలా ఎల్లక్క మోకాళ్ళ నొప్పి, కొడుకు కొలువు, వాడి బండి, చివరికి గుడ్లు పెట్టని కోడి కూడా దేవుడి దృష్టికి వెళ్ళాయి. చాయ్ చల్లారింది. ఆ సాయంత్రం రెండిళ్ళకు మించి తిరగలేకపోయాం. మిగతా వీధులవాళ్ళు చాయ్ కాచుకుని కూర్చుని, మర్నాడు సంఘపెద్ద మీద పడ్డారు. డ్రమ్ము రాజ్‌కుమార్ దగ్గరికి వెళ్ళిపోయింది.

షారోన్ ఏడ్చింది. నాకు కడుపు మండిపోయింది.

క్రిస్మస్ ఆరాధనలో ఆమె ఆడవాళ్ళ చాప మీద కూర్చుంది. రాజ్‌కుమార్ దుమ్ము లేపుతున్నాడు. వాడి వేగానికి చప్పట్లు కొట్టలేక ఆడవాళ్ళు యథాప్రకారం చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నారు. అప్పుడు షారోన్ ఒక్క చప్పట కొట్టింది. ఆగింది. ఇంకో రెండు కొట్టింది. పక్కనున్న ముసలమ్మకు అది హాయిగా తోచినట్టుంది, అందుకుంది. ఆ వెనక చాప, ఆ వెనక చాప. రాజ్‌కుమార్ ఇంకా గట్టిగా బాదాడు, తాళం తప్పాడు, దొరకబుచ్చుకోలేక ఆగిపోయాడు. నేనూ గిటారు మీద నుంచి చెయ్యి తీసేశాను.

చప్పట్ల నడుమ ఫాన్ల చప్పుడు, ముసలమ్మల సన్నటి గొంతులు, వాళ్ళు పాడే ప్రతి మాటా వినపడింది. ఇన్నేళ్ళుగా ఆ మాటలు అక్కడే ఉన్నాయని నాకు తెలియదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజ్‌కుమార్ డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు కొట్టాలో తెలియక షారోన్ చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు.