స్కేలు కింద వెలుగు

ఈమధ్య నేను ‘సర్దుకుంటుందిలే’ అనడం తగ్గించానని మా ఆవిడ అంటుంది. కారణం తనకి తెలీదు.

హౌరా నుంచి బాబూఘాట్‌కి నది దాటే లాంచీలో, నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని పక్కావిడ పలకరించింది. ఖిదిర్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు మనిషి. ఆవిడ ఒళ్లో తువ్వాలు చుట్టిన ఇంజిన్ పైమూత, సిలిండర్ హెడ్డు ఉంది. దిఘా సముద్రపొడ్డున ఇసకలో ఆవిడ అద్దెకి తిప్పే నాలుగు చక్రాల ఏటీవీ బండిదట. ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ నీళ్లు కారిపోతుంటే విప్పి, హౌరాలో లేత్ మీద చదును చేయించి తెస్తోంది.

తువ్వాలు తీసి, చదును చేసిన ముఖం మీద స్టీలు స్కేలుని అంచు ఆనేలా నిలబెట్టి, హెడ్డుని ఎండకేసి ఎత్తింది.

“ఆ లేత్ షెడ్డంతా సీకటి. నా కళ్లా ఆనవు. ఏటి కనిపిస్తంది బాబూ?”

ఒక మూల, స్కేలు కింద నుంచి సన్నటి వెలుగు గీత.

“వెంట్రుకంత సందు అక్కా. మధ్యలో గాస్కెట్ రేకు వేసి బిగిస్తే సర్దుకుంటుందిలే.”

“నీళ్లకి ఎంట్రుకంత సాలు బాబూ. పిల్లలెక్కే బండి.”

బాబూఘాట్ వచ్చింది. అందరం దిగాం. రేవు మెట్లెక్కి వెనక్కి చూశాను. ఆవిడ దిగలేదు. హెడ్డుకి మళ్లీ తువ్వాలు చుట్టి, అదే లాంచీలో హౌరా వైపు తిరిగి కూర్చుంది.