టిట్లాగఢ్ దాటాక

మా ఇంట్లో రైలాట 1991 జూన్ 9వ తేదీ, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలకు మొదలైంది. ఆ పొద్దున్నే మా అత్తగారు అప్పలనర్సమ్మగారు బొబ్బిలిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, మాతోపాటు రైలెక్కి, ఇక మా దగ్గరే ఉండిపోవడానికి భిలాయి వచ్చారు. ఈ వేళ మరచెంబు తోముతుంటే అదంతా గుర్తుకొచ్చింది. రైలు ప్రయాణాల్లో మంచినీళ్ళు పట్టుకెళ్ళే ఇత్తడి చెంబు అది, నీళ్ళు ఒలకకుండా మూతకి మరలుంటాయి. ఇప్పుడు దాన్ని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు. అయినా ఏడాదికోసారి చింతపండు పెట్టి తోముతాను. తడి ఇత్తడీ చింతపండు పులుపూ కలిసిన ఆ వాసన తగిలితే చాలు, పెట్టెలు సర్దాలనిపించి చేతులు ఊరికే ఉండవు.

నేను రాస్తున్నది నా బాల్యం కాదు, నా పిల్లలది. నిజానికి వాళ్ళే రాసుకోవాలి. కానీ భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదువుకున్నారు, తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. అందుకని వాళ్ళ తరఫున నేను రాస్తున్నాను. ఆ ఏడు పద్మకి ఆరేళ్ళు, శీనుకి నాలుగు.

మా వారిది ఉక్కు ప్లాంటులో షిఫ్టు పని. సెక్టారులో కంపెనీ ఇచ్చిన క్వార్టరు మాది: రెండు గదులు, ముందు వరండా, వెనక జామచెట్టు. జూన్ నెల ఎండకి వరండా గచ్చు మీద బకెట్టు నీళ్ళు పోస్తే ఆవిరి లేచేది, లోపల కూలరు గడ్డి తడిసి వట్టివేళ్ళ వాసన వచ్చేది, పొద్దు వాలాక ప్లాంటు వైపు ఇనుము తీశాక మిగిలే కరిగిన చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడి మళ్ళీ చల్లారేది. ఆ మొదటి సాయంత్రం అత్తగారు ఆ ఎరుపు చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నారు. వీధిలో వినిపించే మాట ఒక్కటీ ఆవిడకు తెలియదు. బొబ్బిలి నుంచి అప్పుడే వచ్చిన పిల్లలకేమో ఇంకా సెలవులు అయిపోలేదు. శీను ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగాడు.

"నానమ్మా, మళ్ళీ ఊరెప్పుడెళ్తాం?"

"ఇప్పుడే ఎల్దాం. ఆ కుర్సీలట్టుకు రా," అన్నారావిడ.

నాలుగు కుర్చీలు వరసగా పడ్డాయి, పరుపుచుట్ట బెర్తు అయింది. శీను ఇంజను. పద్మ స్టేషన్ల పేర్లు అరిచేది, మధ్యలో "చాయ్ గరమ్" అని కూడా తనే అరిచేది. దుర్గ్‌లో బయల్దేరిన బండి పవర్ హౌస్ మీదుగా కుమ్హారి చేరేసరికి అత్తగారు గోడవైపు నుంచి ఇటు తిరిగారు. రాయ్‌పూర్ వచ్చేసరికి నవ్వారు. ఆ తర్వాత ఐదేళ్ళు, వానలు కురిసినా చలి వేసినా, పిల్లలు బడి నుంచి వచ్చి తిండి తిన్నాక మా వరండాలోంచి బొబ్బిలికి బండి బయల్దేరని సాయంత్రాలు తక్కువ.

అసలు ప్రయాణం మే నెలలో ఉండేది. దానికి నెల ముందు నుంచే ఇల్లంతా ప్రయాణం కమ్మేసేది. చేగోడీలు, కారప్పూస, రెండు రోజులు నిలవుండేలా నూనె ఎక్కువ పోసి కలిపిన పులిహోర, పూరీలు, వాటిలోకి నీళ్ళు తగలకుండా వేయించిన బంగాళాదుంపలు. సెక్టారులో ఉన్న మన వైపు వాళ్ళందరికీ మేం బొబ్బిలి వెళ్తున్న సంగతి తెలిసిపోయేది. భిలాయిలో మనవాళ్ళకి ఒక ఆచారం ఉండేది, ఆంధ్రా వెళ్ళే ఎవరైనా పదిమంది మూటలు మోసుకెళ్ళాల్సిందే. ఒకరు తల్లికి స్టీలు గిన్నెలు పంపేవారు, ఒకరు అక్కకి ఇక్కడి సన్నబియ్యం, వైశాలి నగర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్న విజయనగరం ఆయన తన మేనకోడలికి ప్రతి ఏడూ ఒక గౌను పంపేవాడు. తిరిగొచ్చేటప్పుడు మామిడి తాండ్ర, జీడిపప్పు, బెల్లం, ఉలవలు ఆ మూటల్లోనే తిరిగొచ్చేవి.

మూటలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోయేవారు కాదు, అత్తగారి దగ్గర కూర్చుని సలహాలు అడిగేవారు. తొలిసారి పసిబిడ్డతో రైలెక్కే కొత్త కోడళ్ళయితే ఆవిడ మంచం పట్టె వదిలేవారు కాదు. ఆవిడ చెప్పేవన్నీ నాకు కంఠతా వచ్చు. కిటికీ దగ్గర కూర్చుంటే ఇంజనుకి వీపు పెట్టాలి, లేకపోతే బొగ్గు నలకలు కంట్లో పడతాయి. (ఇంజన్లు డీజిలుకి మారి ఎన్నేళ్ళయిందని మా వారు అంటే, "నలక నలకే, నీకేటి తెల్సు" అనేవారు.) పిల్లల చెప్పులు తలగడ కింద పెట్టాలి. ఎదుటి సీటు వాళ్ళు ఎక్కడ దిగుతారో ముందే అడిగి తెలుసుకోవాలి, మనం ఎక్కడ దిగుతామో మాత్రం పెట్టె తలకెత్తుకున్నాకే చెప్పాలి. దారిలో ఎవరైనా పులిహోర పెట్టమంటే పెట్టాలి, ఎవరైనా పెడితే మాత్రం ఇప్పుడే తిన్నామనాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, బండిలో మనవాళ్ళలో ఒక మనిషి మెలకువగా కూర్చోవాలి.

ఆ చివరి మాట మమ్మల్ని చూసే చెప్పేవారు. 1986లో నేనూ మా వారూ పద్మని ఒళ్ళో వేసుకుని వెళ్తూ ముగ్గురం నిద్రపోయాం. తెల్లారి చూస్తే రెండు పట్టుచీరలు, నా మెట్టెల జత, పిల్ల ఉగ్గుగిన్నె ఉన్న పెట్టె లేదు. అందుకని ఆవిడ మాతో ప్రయాణం చేసినన్నాళ్ళూ మెలకువ బాధ్యత తనే తీసుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక, బండి టిట్లాగఢ్ దగ్గర పడుతుండగా, పిల్లల మీద దుప్పటి కప్పి, కాళ్ళు పైకి ముడుచుకుని, గొలుసు కట్టిన పెట్టె మీద ఒక చెయ్యి వేసి కూర్చునేవారు. "తొంగోండి, నాను కూకుంటాను. రాయగడ రాగానే లేపుతాను," అనేవారు. షిఫ్టులు చేసి వచ్చిన మా వారికి ఆ మాట వినబడేలోపే గురక. వంటలు, సర్దుళ్ళతో నడుం పడిపోయిన నేనూ అంతే. తెల్లవారుతుండగా ఆవిడ చెయ్యి వీపు మీద పడేది, చల్లగా కొండగాలి తగిలేది, రాయగడలో అనాసపళ్ళ బుట్టలు కిటికీ దాకా వచ్చేవి. అక్కణ్ణుంచి పార్వతీపురం, ఆ తర్వాత బొబ్బిలి.

బొబ్బిలి స్టేషన్లో ఆవిడ తమ్ముడు సూర్నారాయణ మావయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉండేవాడు. బండి ఆగీ ఆగకముందే అక్కాతమ్ముళ్ళు పోట్లాట మొదలుపెట్టేవారు.

"అప్పా, ఇంత సిక్కిపోనావేటే?"

"నువ్వు ఊరినావులే, సూడు, సొక్కా బొత్తాలు పట్టట్లేదు!"

నెల రోజులూ మావయ్య ఇంట్లో అదే వరస. తాటిముంజెలు, ముక్కు ఘాటెక్కించే జీడిమామిడి పళ్ళు, మధ్యాహ్నం చింతచెట్టు కింద గవ్వలాట. చిన్నప్పుడే తల్లి పోతే ఆ తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచిందావిడే.

ఆటకొస్తాను. వరండా బండి టిట్లాగఢ్ దాకా ఇబ్బంది లేకుండా నడిచేది, ఆ స్టేషన్లన్నీ పిల్లలు కళ్ళారా చూసినవే. టిట్లాగఢ్‌కీ రాయగడకీ మధ్య దారి మాత్రం వాళ్ళెప్పుడూ నిద్రలోనే దాటారు. అక్కడ అత్తగారు అందుకునేవారు. ముందు దుప్పటిగూడ వస్తుంది, అక్కడ స్టేషన్ మాస్టరు పెట్టెపెట్టెకీ తిరిగి పిల్లలకి దుప్పట్లు సరిచేస్తాడు. తర్వాత ఆవులింతల రోడ్డు, అక్కడ గార్డు ఈల వేయబోయి ఆవులిస్తాడు, అందుకే బండి ఆలస్యం. ఆ తర్వాత జోలవలసలో ఆడవాళ్ళు ఆకుదొన్నెల్లో జోలపాటలు అమ్ముతారు, తీపివి కావాలో కారంవి కావాలో మనమే చెప్పాలి. చిట్టచివర నిద్దరపేట, అక్కడ ఇంజను కూత వెయ్యకూడదు. ఇంజనైన శీను ఆ ఊరు దాటేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

పిల్లలు ఆ ఊళ్ళున్నాయనే నమ్మారు. ఎదురింటి తివారీజీ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఒకసారి ఆట చూసి నవ్వి, ఆ లైన్లో అలాంటి ఊళ్ళేవీ లేవు బేటీ అన్నాడు. పద్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "అంకుల్, ఆప్ సో గయే హోంగే," అంది, తమరు ఆ వేళకి నిద్రపోయి ఉంటారని. ఆయన పడీపడీ నవ్వాడు. అత్తగారికి ఏం జరిగిందో చెబితే, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నిజమే మరి," అన్నారు.

1996లో మే నెలకి టికెట్లు తీసుకున్నాం. ఏప్రిల్ చివర ఆవిడకు ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నారు. గుండె బలహీనపడింది, రైలు కాదు కదా, రిక్షా కూడా ఎక్కించొద్దన్నాడు డాక్టరు. అదే నెలలో బొబ్బిలి నుంచి కబురొచ్చింది, సూర్నారాయణ మావయ్యకు పక్షవాతం, మంచం దిగలేడని. ఇటు ఆవిడ కదలకూడదు, అటు ఆయన కదలలేడు. టికెట్లు రద్దు చేశాం.

"ఒక్కసారి నన్ను బొబ్బిలి దింపీండి, సూరిగాణ్ణి సూసొచ్చెస్తాను," అని ఆవిడ రోజూ మా వారిని అడిగేవారు. మా వారు "కొంచెం తగ్గనీ అమ్మా," అనేవారు. మే నెల అయిపోయింది. ఆవిడ అడగడం మానేశారు. అడిగినప్పటి కన్నా అది కష్టంగా ఉండేది.

జూన్ 5, బుధవారం. మా వారు డ్యూటీకి వెళ్ళారు. మధ్యాహ్నం ఆవిడే పద్మని పిలిచారు.

"గుంటా, బండి కట్టండే. ఇయ్యాల ఎల్లిపోదాం."

ఆవిడ మంచం మీదే గోడకి తలగడలు పెట్టించుకుని కూర్చున్నారు. శీను మంచం పట్టె పట్టుకుని మెల్లగా ఊపడం మొదలుపెట్టాడు. పద్మ స్టేషన్లు చెబుతోంది. నేను వంటింట్లో ఆవిడకి జావ కాస్తూ వింటున్నాను. దుర్గ్, పవర్ హౌస్, కుమ్హారి, రాయ్‌పూర్, మహాసముంద్, ఖరియార్ రోడ్డు, కాంటాబాంజీ, టిట్లాగఢ్.

"దుప్పటిగూడ," అంది పద్మ.

"ఆ ఊరు లేదే."

మంచం ఊగడం ఆగింది. "పోనీ, ఆవులింతల రోడ్డు?"

"అదీ లేదమ్మా. మీ కోసం సెప్పినాను. నిజం బండి నడపండే, నాను బొబ్బిలెల్లాల."

పద్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ముఖం తెల్లబోయి ఉంది. "అమ్మా, టిట్లాగఢ్ తర్వాత ఏ స్టేషనే?"

నాకు తెలియదు. ఏ సంవత్సరం ఏ తేదీన ఎక్కామో, ఏ పెట్టెలో ఎక్కామో, టికెట్టుకి ఎంతయిందో చెప్పగలను. ఆ దారి మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మేమంతా నిద్రపోతే చూసింది ఆవిడొక్కరే. ఆవిడ కళ్ళు మూసుకుని, "బండాగిపోనాదేటి? అక్కడ ఆడు సూస్తంటాడు," అంటున్నారు.

పద్మ చెప్పుల్లేకుండా ఆ ఎండలో రోడ్డు దాటి తివారీజీ ఇంటికి పరుగెత్తింది. ఆయన పాత టైంటేబులు వెతికి పేజీ తీసి ఇచ్చేదాకా శీను మంచం పట్టె వదల్లేదు. పిల్ల రొప్పుతూ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని చదివింది.

"కేసింగా."

"ఊఁ," అన్నారావిడ. మంచం మళ్ళీ ఊగింది.

"నార్లా రోడ్డు."

"ఊఁ. అక్కడ సీకటి."

"లాంజిగఢ్ రోడ్డు."

"సలేస్తాదిక్కడ. బాబుకి దుప్పటి కప్పు."

"అంబోదలా."

ఆవిడ కళ్ళు తెరిచి కిందికి చూశారు. "ఇంకా తొంగోలేదేటి మీరు?"

"లేదు నానమ్మా, నేను చదువుతున్నా కదా."

"తొంగోండి. నాను కూకుంటాను. రాయగడ రాగానే లేపుతాను."

ఆ మాట మా పిల్లలు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విన్నదే. విన్నాక ఎప్పుడూ ఏం చేస్తారో అదే చేశారు. కింద పరిచిన చాప మీద ఇద్దరూ పక్కపక్కన పడుకున్నారు. బయట ఎండ, లోపల కూలరు హోరు, పరుగెత్తి వచ్చిన అలసట. నేను జావ చల్లార్చి తెచ్చేసరికి ఇద్దరూ నిజంగానే నిద్రపోయారు. ఆవిడ అలాగే గోడకి ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని, తెరిచిన కళ్ళతో కూర్చుని ఉన్నారు. మూడు గంటల పది నిమిషాలు. జావ కింద పెట్టి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆ రోజు పిల్లల్ని నేను లేపాల్సి వచ్చింది. పద్మ కళ్ళు నులుముకుంటూ అడిగిన మొదటి మాట, "రాయగడ వచ్చిందా?"

అంబోదలాకీ రాయగడకీ మధ్య పిల్ల చదవని పేర్లు ఇంకా ఉన్నాయి. మునిగుడ, తేరువల్లి, సింగపూర్ రోడ్డు నాకు ఇప్పుడు తెలుసు. తర్వాతి ఏడు నేనొక్కదాన్నే పగటి బండిలో ఆ దారిన వెళ్ళాను. కొండలు, చిన్న చిన్న వంతెనలు, ప్లాట్‌ఫారం మీద ఎండబెట్టిన ఇప్పపూలు. చాలా అందమైన దారి. ఆవిడ చూసినన్నాళ్ళూ అక్కడ చీకటే.

మా వారు రిటైరయ్యాక క్వార్టరు అప్పగించి వైశాలి నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. శీను హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో పనిచేస్తున్నాడు. వాడి కూతురు నన్ను నానమ్మా అనదు, హిందీలో దాదీ అని పిలుస్తుంది. మేం ఉన్న క్వార్టరు తలుపుకి ఇటుకలు పేర్చి మూసేశారు. పద్మ రాయ్‌పూర్‌లో ఉంటుంది. ఉద్యోగం మీద నెలకి రెండుసార్లు రాత్రి బండి ఎక్కుతుంది. ఆఫీసు వాళ్ళంతా పడుకుంటారు, తను కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎందుకే, నీకంత పెట్టెల భయమేమిటి అని ఒకసారి అడిగాను. "ఆ రోజు నేను పడుకోకుండా ఉంటే చదివేసేదాన్ని కదమ్మా," అంది, హిందీలో.

పోయినవాటి లెక్క ఇది. అత్తగారు, 1996లో, డెబ్బై ఒకటో ఏట. సూర్నారాయణ మావయ్య, అదే ఏడు దీపావళి వెళ్ళిన నాలుగో రోజున, అక్క పోయిందని ఎవరూ చెప్పకుండానే. మా వారు, 2011లో. ఆంధ్రా వెళ్తున్నామంటే మూటలతో వచ్చే పదకొండు కుటుంబాలు, అందులో ఇప్పుడు ఊళ్ళో ఉన్నవి రెండు. పిల్లల నోట్లో తెలుగు, సగానికి పైగా. పద్మకి రైల్లో నిద్ర, మొత్తం.