నర్సమ్మ పెట్టిన మోకాళ్ల నొప్పి

మా ఊరి నర్సమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. కోటబొమ్మాళి సంత నుంచి వచ్చినవాళ్లు చెబితే తెలిసింది. నాలుగు రోజుల జ్వరమట. అందరి జ్వరాలూ చూసిన మనిషి తన జ్వరాన్ని పట్టించుకోలేదట.

రెండేళ్ల క్రితం నేను మోకాళ్ల నొప్పులతో బాధపడ్డానని ఊరంతా నమ్మింది. నా మోకాళ్లకు ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ అబద్ధం నర్సమ్మా నేనూ కలిసి ఆడింది. ఇవాళ సరిదిద్దుతున్నాను. నా మనవరాలు కూడా, "రాయి మామ్మా, దాచకు," అంది.

ఆ ఏడు అది ఎస్సెల్సీ పరీక్ష తప్పింది. అన్నం మానేసింది, మాట మానేసింది. ఒక పొద్దున నేను వడ్లు ఆరబోస్తుంటే వచ్చి, "నాకు బతకాలని లేదు మామ్మా," అంది. నేను చీవాట్లు పెట్టి, గదిలో ఉంచి గొళ్లెం వేశాను. నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదని నా భయం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మశూచి టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మ ఆ గొళ్లెం చూసింది.

"లోపలెవులు?"

"మనవరాలు. చస్తానంటోంది. మొండితనం."

"తలుపు తియ్యండమ్మగారూ. అలాగన్న పిల్లని ఒంటిగా ఉంచకూడదు."

దాని పక్కన చాప మీద కూర్చుని, "సచ్చిపోవాలని ఏ యేళప్పుడు ఎక్కువనిపిస్తాదమ్మా?" అంది, జ్వరం ఎప్పుడొస్తుందని అడిగినంత మామూలుగా. పిల్ల బావురుమంది. తరవాత మాట్లాడింది.

నర్సు రోజూ ఒకే ఇంటికి వస్తే ఊరు ఊరుకోదు. అందుకని వీధంతా టీకాలు వేసింది. అవి పొక్కాయో లేదో చూడ్డానికి మళ్లీ వచ్చింది. ముసలి మా తోటికోడలు, "నన్నొగ్గీయే తల్లీ," అని మొత్తుకుంటూనే జబ్బ చాపింది. చివరికి టీకా లేని జబ్బ మిగల్లేదు.

"ఇంక మీరే జబ్బు పడాల," అంది నర్సమ్మ.

"నాకేం జబ్బు?"

"మోకాళ్లయితే సులువు. లోపలికెల్లి ఎవులూ సూడలేరు."

"నేను అబద్ధం ఆడను."

"అయితే ఊరికి నిజం సెప్పేస్తారా?"

ఆ సాయంత్రమే కుంటడం మొదలుపెట్టాను. మొదటిరోజు కుడికాలు, మర్నాడు పొరపాటున ఎడమకాలు. "ఏ కాలో తేల్సుకోండమ్మగారూ," అని నర్సమ్మ నా చెవిలో కసిరింది. మనవరాలికి వినబడి నవ్వింది. దాని నవ్వు విని నెలయింది అప్పటికి.

నా మోకాళ్ల పేరు మీదే ముగ్గురం పాసింజరెక్కి విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లాం. మనసు జబ్బులు చూసే డాక్టరుగారు అక్కడున్నారని కనుక్కున్నది ఆమే. సెలవు పెట్టి మరీ తోడొచ్చింది. పిల్ల తేరుకునేదాకా, మొత్తం అరవై రెండు రోజులు, వాన పడ్డా, మా ఇంటికి నాగా లేదు.

ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయా అని ఒకసారి అడిగాను.

"ఎవులో సెప్పను. పక్కూళ్లల్లో ఎన్ని మోకాళ్లు నొప్పెడతన్నాయో మీకు తెల్దు," అంది.

ఆమె చోటికి ఇంకా ఎవరినీ వేయలేదు. ఆ ఇళ్లకు ఇప్పుడు ఎవరు వెళతారో నాకు తెలియదు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం, నర్సమ్మ ఎక్కడినుంచో నడిచొచ్చి మా అరుగు మీద స్తంభానికి ఆనుకుని నిద్రపోయింది. మజ్జిగ తెచ్చి లేపబోతే నా మనవరాలు వద్దని సైగ చేసింది. ఎండ ఆమె ముఖం మీదికి జరుగుతున్న కొద్దీ పిల్లా జరుగుతూ, నీడ పడేలా అడ్డంగా కూర్చుంది.