మొగులమ్మ గంపలో పాలసొర

తాండూరు సంతలో మొగులమ్మ ఎక్కడ కూర్చుందో ఎవర్నీ అడగక్కర్లేదు, వాసనే చెప్పేది. సముద్రం ముఖం చూడని మనిషి ఎండుచేపలమ్మి బతికింది. సికింద్రాబాద్‌లో లతీఫ్ సాబ్ దుకాణం నుంచి రైల్లో గంప తెచ్చుకునేది. నోరు మాత్రం మంచిది కాదు. బేరమాడితే మా అమ్మనైనా కడిగి పారేసేది.

అందరూ ఆమెను అడిగేది పాలసొర, ఓ చిన్నజాతి సొరచేప. బాలింతకు దాని కూర పెడితే పాలు పడతాయని నమ్మకం. అరవై తొమ్మిదిలో నేను పుట్టినప్పుడు మా అమ్మ తిన్నదీ ఆ గంపలోదే. "సొర గుడ్లు పెట్టదమ్మా, మన లెక్కనే పిల్లల్ని కంటది. గందుకే పాలొస్తయ్," అని మొగులమ్మ ఇంటింటా చెప్పేది.

అప్పట్లో ఒక్కో సొర చేయంత పొడుగుండేది. ఏటేటా కురచనవుతూ వచ్చింది. మొగులమ్మ లతీఫ్ సాబ్‌ను అనుమానించి, ఓసారి దుకాణంలోనే ఎగిరిపడింది.

"పెద్దయి ఎవరికి దాస్తున్నవ్ సాబ్?"

ఆయన కోప్పడలేదు. మూటలన్నీ విప్పి చూపించాడు. అన్నీ చిన్నవే.

"మిషన్ పడవలొచ్చినయ్ మొగులమ్మా. సన్నకన్ను వలలేసి అడుగుదాకా ఊడుస్తున్నరట. పెద్దయి పట్టీ పట్టీ అయిపోయినయ్. చిన్నయి జర పెరగనిస్తె గదా!"

ఎనభై నాలుగులో ఆమె ఒక్కగానొక్క కూతురు పద్మమ్మకు కొడుకు పుట్టాడు. పాలు పడలేదు. పసివాడు ఏడ్చి ఏడ్చి నీరసించాడు. మొగులమ్మ పరేషానై రైలెక్కింది. దొరికినవి జానెడేసి. ఇంటికొచ్చి కడుగుతుంటే ఒకదాని గొంతు కింద, రెక్కల మధ్య, మానని గాటు కనిపించింది. ఇంకోదానికీ ఉంది. లోపలి గదిలో ఉన్న మనవడికి ఇంకా బొడ్డూడలేదు. ఆ గాటేమిటో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

వండింది. వండక ఏం చేస్తుంది? కూతురు తింటుంటే చూడలేక దొడ్లోకి పోయి ఏడ్చిందట, పద్మమ్మే మాకు చెప్పింది. పాలు కొద్దిగా పడ్డాయి. సొర వల్లో కాదో నాకు తెలియదు.

ఆ తర్వాత గంపలో రొయ్యపొట్టు తప్ప ఏమీ ఉండేది కాదు. మా అక్క కాన్పుకి అమ్మ నన్ను వెంటబెట్టుకొని పాలసొర కోసం వెళ్లింది. మొగులమ్మ కసురుకోలేదు. అందుకే నాకు భయమేసింది.

"లేదక్కా."

"వచ్చే సంతకన్న తెస్తవా?"

"తల్లులను తిన్నం. బొడ్డు మానని పిల్లలను గూడ తిన్నం. ఇగ ఏం రావాలె అక్కా?"