మూల విరిగిన ట్రే

కాలేజీలోని వృక్షశాస్త్ర విభాగంలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. నడుముకి వేలాడే తాళాల గుత్తి పుణ్యమా అని ప్రిన్సిపాల్ నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె తాళాలక్క. ఇరవై రెండేళ్ళుగా అక్కడ అటెండరు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, మొక్కల వరసలో ఆమెను తప్పుపట్టే మొనగాడు పుట్టలేదు. గాజు గదిలో అయిదు అరలు. అడుగు అరలో నీటి తొట్లు, వాటిల్లో వేరూ ఆకూ లేని శైవలాలు. దానిపైన తడి ఇటుకల మీద నాచుమొక్కలు. మూడో అరలో ఫెర్న్‌లు. నాలుగో అరలో విత్తనాన్ని పండులో దాచుకోకుండా బయటే పెట్టుకునే సైకస్, పైన్ మొక్కలు. అన్నిటికీ పైన పూలమొక్కలు. విద్యార్థులెవరైనా కుండీ తీసి పక్క అరలో పెడితే, పెళ్ళివారి పంక్తిలో మనిషిని లేపి వేరే చోట కూర్చోబెట్టినంత రభస చేసేది.

అలాంటి మనిషి రాజ్యంలోకి ఆమె తోడికోడలు అటెండరుగా వచ్చిపడింది. ఉద్యోగం ఖాళీ ఉందని ఇంట్లో చెప్పింది తాళాలక్కే. ఆ మాటన్నందుకు తన నాలుక తనే కొరుక్కోని రోజు లేదు.

చిన్నకోడలికి శైవలం అంటే ఏమిటో, నాచు అంటే ఏమిటో తెలియదు. ఆకుపచ్చగా జారితే చాలు, అన్నీ పాచే. కానీ ఆమె చేత్తో పాతిన ప్రతి పుల్లా చిగురించేది. ఇంట్లో అత్తగారు ఆమె చేతి చలవ గురించి చెప్పి చెప్పి అలిసిపోయేది కాదు. ఇప్పుడు విభాగాధిపతి పెద్ద మేడమ్ కూడా అదే పాట అందుకుంది. వింటున్నప్పుడల్లా తాళాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంట్లోనూ అదే మొహం, ఇక్కడా అదే మొహం, ఎక్కడికి పోయి ఊపిరి పీల్చుకోవాలి?

పుండు మీద కారం చల్లినట్టు, ఒకరోజు పెద్ద మేడమ్ ఇద్దరినీ పిలిపించింది.

"ఈ విభాగానికి ఒక్క అటెండరు చాలంటున్నారు. రెండోవాళ్ళు లైబ్రరీకి వెళ్ళాలి. ఎవరిని పంపాలో నాకు తోచడం లేదు" అని మూడో అరలోని ముసలి ఫెర్న్ వైపు చూసింది. ఆ రకంలో వాళ్ళ దగ్గర మిగిలింది అదొక్కటే. అది పూయదు, కాయదు, పక్క పిలకలు వెయ్యదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కల్లో పిండిలాంటి సిద్ధబీజాలు మాత్రం రాలుస్తుంది. "దీనికి పిల్లని పుట్టించినవాళ్ళు ఇక్కడ ఉంటారు" అంది.

ఇద్దరూ చెరో ట్రేలో తడిమట్టి నింపి, ఆ పిండి చల్లి, పైన గాజుపలక మూశారు. రెండు నెలలు గడిచాయి. తాళాలక్క ట్రేలో మట్టి మట్టిలాగే ఉంది. మూల విరిగిన చిన్నకోడలి ట్రేలో పచ్చటి పొర కట్టింది.

"నా వల్ల కాలేదక్కా. పాచి పట్టేసింది. కడిగేస్తాను" అంటూ చిన్నకోడలు ట్రే పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

తాళాలక్క జేబులోంచి భూతద్దం తీసి వంగి చూసింది. పొర నిండా గోరంత కూడా లేని గుండె ఆకారపు రేకులు. ఫెర్న్ నేరుగా ఫెర్న్‌ని కనదు. సిద్ధబీజం ముందు ఈ రేకు అవుతుంది, ఆ రేకు మీద అసలు మొక్క పుడుతుంది. క్లాసు బయట నిలబడి ఇరవై రెండేళ్ళు విన్న పాఠం అది. నిజం చెబితే తన బతుకు లైబ్రరీలో దుమ్ము పాలు. ఊరుకుంటే పిల్ల కుళాయి పాలు.

"ఇలా ఇవ్వు, నేను కడుగుతాలే. నువ్వు వెళ్ళి తొట్లు నింపు" అంది.

కడిగింది తన ట్రేని. మూల విరిగిన ట్రేని ఫెర్న్‌ల అరలో వెనక్కి నెట్టి, తన పేరు రాసిన చీటీని గట్టిగా అతికించింది.

ఇక చూసుకోండి దాని వైభోగం. చంటిబిడ్డకి కూడా అంత సేవ జరగదు. పైనుంచి పోస్తే రేకులు కుళ్ళిపోతాయేమోనని, ట్రేని నీళ్ళ పళ్ళెంలో కూర్చోబెట్టి అడుగు నుంచే తడి పెట్టేది. గాజుపలకకి పట్టిన చెమ్మని పూటపూటా తుడిచేసేది. ఎన్ని వారాలైనా రేకులు రేకుల్లాగే ఉన్నాయి. అదే చిన్నకోడలి చేతిలో ఉంటే ఈపాటికి ఆకు వేసేదేమో అనిపించి, అన్నం సహించేది కాదు.

ఇంతలో జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం పట్టింది. ఆ నాలుగు రోజులూ చిన్నకోడలే గాజు గది చూసింది. ఆమెకి అరల తేడా తెలియదు, అడుగు నీళ్ళూ పైనీళ్ళూ తెలియవు. కనిపించినదాని మీదల్లా మూత తీసి మరీ జల్లు కొట్టింది. తిరిగొచ్చిన తాళాలక్క తడిసి ముద్దైన ట్రేని చూసి నెత్తీ నోరూ బాదుకుంది.

మూడు వారాలకి ఒక రేకు కింద నుంచి సన్నటి కాడ లేచింది. దాని చివర చుట్టచుట్టుకున్న పసి ఆకు.

అప్పుడు గానీ ఆమెకి పాఠంలో మిగతా సగం గుర్తు రాలేదు. రేకు అడుగున ఉండే మగకణం ఈదుకుంటూ ఆడకణాన్ని చేరాలి, ఈదడానికి రేకు తడిసేంత నీటిపొర ఉండాలి. ఆ నీటినే తను పూటపూటా తుడిచేసింది.

పెద్ద మేడమ్ వచ్చి చూసింది, చీటీ చదివింది. "నీదేనా?" అంది.

చిన్నకోడలు పక్కనే నిలబడి ట్రే వైపు చూస్తోంది. తాళాలక్క తల ఊపింది.

సోమవారం నుంచి చిన్నకోడలు లైబ్రరీకి వెళ్ళింది. వెళ్ళిన నెలకే అక్కడివాళ్ళూ ఆమెను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ కబురు విని, గెలిచిన తాళాలక్క మళ్ళీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు గాజు గదికి వచ్చింది. ఫెర్న్ అప్పటికి జానెడైంది.

"బాగా ఎదిగిందక్కా. లైబ్రరీలో దీని గురించి బొమ్మల పుస్తకం ఉంది. ఆ పచ్చటి పొర పాచి కాదట. నీళ్ళు పడితే గానీ పిల్ల పుట్టదట" అంది.

తాళాలక్క చేతిలోని కత్తెర కింద పడింది. "అయితే నీకు తెలిసిపోయిందన్నమాట" అంది.

"పుస్తకం సంగతి మొన్న తెలిసింది. ట్రే సంగతి నీకు జ్వరం వచ్చినప్పుడే తెలుసు. మూల విరిగింది నాదే కదా."

"మరి మేడమ్ అడిగినప్పుడు చెప్పలేదేం?"

"ఈ గది లేకపోతే నువ్వుండలేవక్కా. నేనెక్కడైనా ఉండగలను" అంది చిన్నకోడలు, పడిపోయిన కత్తెర తీసి ఇస్తూ.

తాళాలక్కకి కన్నీళ్ళు వచ్చాయి. వాటికంటే ముందు పాత కడుపుమంటే వచ్చింది. చేతి చలవ సరే, ఇంత మనసు కూడా దీనికే ఉండాలా? ట్రేని ముందుకి లాగి, గోటితో చీటీ గీకడం మొదలుపెట్టింది. అతికించింది తనే కాబట్టి, ఊడి రావడానికి చాలాసేపు పట్టింది.

"పద, మేడమ్ గదికి" అంది, ట్రేని తోడికోడలి చేతుల్లో పెట్టి.